చేయి వేయరాని గెడ్డ

ఈ పుస్తకాన్ని ఎప్పుడైనా, ఏ కారణం చేతనైనా స్వాధీనం చేసుకొని చదవబోయే గౌరవనీయ అధికార వర్గాలకు, వారు ఏ శాఖకు చెందినవారైనా, ఏ శాఖకూ చెందమని వ్రాసి ఇచ్చేవారైనా, దిగువ సంతకందారు సవినయంగా మనవి చేసుకొనునది ఏమనగా:

ఈ దినచర్య ఎవరి కొరకూ ఉద్దేశించినది కాదు. నేను రాజాంలో ఒక కళాశాలలో ప్రభుత్వ పాలనాశాస్త్రం బోధిస్తాను. పట్టణానికి వెలుపల సూర్యోదయ నగర్ అనే లేఅవుట్‌లో నివసిస్తాను. ఆ లేఅవుట్ నివాసుల సంక్షేమ సంఘానికి కార్యదర్శిని. లేఅవుట్ మధ్యగా, ఇళ్ళ గుమ్మాల ఎదుటగా, ఒక నీటిదారి పోతుంది. ప్లాట్లు అమ్మిన ధనరాజు గారి కరపత్రంలో దాని పేరు ‘వర్షపునీటి పారుదల వ్యవస్థ’. మాకు దిగువన ఉన్న దిగువపేట రైతుల నోట దాని పేరు గెడ్డ. రెండు వైపులా సిమెంటు పూయకముందు అది వారి పొలాలకు నీరు తెచ్చిన కాలువ. మా ప్రహరీ దాటిన తరువాత నేటికీ అదే.

ఈ గెడ్డలో పూడిక ఎవరు తీయవలెనన్న ప్రశ్న పెండింగులో ఉన్నది. ధనరాజు గారు దానిని స్థానిక సంస్థకు ఇచ్చేశానంటారు. స్థానిక సంస్థ తాను పుచ్చుకోలేదంటుంది. ఇచ్చినవారు ఉండి పుచ్చుకున్నవారు లేని దానం ఇదొక్కటే కాబోలు.

ఈ వ్యవహారంలో నాకు వ్యక్తిగతమైన ఆసక్తి ఏదీ లేదని ముందుగానే నమోదు చేస్తున్నాను.

నరసింగరావు

2016 జూన్ 5

సంఘాధ్యక్షులు జగన్నాధం గారి డాబా మీద సర్వసభ్య సమావేశం. ఆయన విద్యుత్ శాఖలో ఇంజనీరుగా పనిచేసి పదవీ విరమణ చేశారు. మా ఇంటికి పక్కనే, దిగువ వైపున ఉంటారు.

గెడ్డ ప్రస్తుత స్థితిని నేను సభకు నివేదించాను. అడుగున పూడిక, దాని మీద గుర్రపుడెక్క, దాని మీద సిమెంటు సంచులు. సంచుల్లో ఒకదానిని చీల్చుకొని రేగు మొక్క ఒకటి నిలదొక్కుకుంది. మొక్కకు ఇది రెండో సంవత్సరం.

చర్చానంతరం నేను ప్రతిపాదించిన తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. లేఅవుట్ నివాసులెవ్వరూ గెడ్డ మీద చేయి వేయరాదు. ఒక వస్తువును శుభ్రం చేసినవాడు దానికి యజమానిగా పరిగణింపబడే ప్రమాదం ఉన్నది. మనం ముట్టనంత కాలం అది మనది కాదు. మనది కానంత కాలం అది మరొకరిది. మరొకరిది అయినప్పుడు ఆ మరొకరు ఎప్పటికైనా రాక తప్పదు.

“అద్భుతం మాస్టారూ!” అన్నారు జగన్నాధం గారు. “ఇవాళ ఒక పార మట్టి తీసినామంటే రేపు కాలువంతా మనదే అంటారు. ఎల్లుండి పైనుంచి కొట్టుకొచ్చిన కుక్కపిల్ల కూడా మనమే కన్నామంటారు.”

చప్పట్లు. నా భార్య హేమ సమావేశానికి రాలేదు. జాకెట్లు కుడుతోంది.

జూన్ 7

మా ఇంటి ముందుగది హేమ కుట్టుపని దుకాణం. రెండు మిషన్లు, ఒక ఓవర్‌లాక్ మిషను అందులోనే ఉంటాయి. గత అక్టోబరు వానల్లో గెడ్డ పొంగి నీరు ఆ గదిలోకి వచ్చింది. ఒక పెళ్ళివారి పట్టు జాకెట్టు గుడ్డల మీద బురద చారలు పడ్డాయి. హేమ ఒక్కతే వారి ఇంటికి వెళ్ళి, విషయం చెప్పుకొని, పడవలసిన మాటలు పడి వచ్చింది. ఆ రోజు నేను గెడ్డ విషయమై వినతిపత్రం సమర్పించడానికి జిల్లా కేంద్రంలో ఉన్నాను. వినతిపత్రం మీద ముద్ర చక్కగా పడింది.

ఈ మధ్యాహ్నం భోజనాల దగ్గర హేమ అడిగింది.

“తీర్మానం చేసినారట?”

“ఏకగ్రీవంగా.”

“నీళ్ళకి సెప్పినారా?”

ఆమె మజ్జిగ పోసింది.

“ఇదిగో వినండి. ఈ ఏడు గాని నీళ్ళు గుమ్మం దాటి మిషన్ల కిందకొచ్చినాయంటే, మిషన్లు పట్టుకొని నేనెల్లిపోతాను. విజయనగరంలో మా అన్నయ్య ముందుగది కాళీగానే ఉన్నాది.”

“బెదిరింపా?”

“కాదు. మీరు అన్నీ రాసుకుంటారు కదా, ఇదీ రాసుకోండి.”

వ్రాసుకోవడమైనది.

జూన్ 8

మిషన్ల తరలింపు అంశం పరిశీలనలో ఉన్నది.

జూన్ 15

ధనరాజు గారికి ఫోను చేశాను. ఎంతో మర్యాదగా మాట్లాడారు.

“మేస్టారూ, ప్లాటుకి రేటు కట్టినాను గాని కాలువకి కట్టినానా? అది మీకు ఉత్తినే ఇచ్చినాను. ఉత్తినే ఇచ్చినదానికి గ్యారంటీ ఏటండీ?”

వాదనలో లోపమున్నదని తెలుసు. ఎక్కడున్నదో వెతికేలోగా ఆయన మా కళాశాలలో తమ బంధువుల అబ్బాయికి సీటు విషయం ప్రస్తావించి ఫోను పెట్టేశారు.

జూన్ 18

సాయంత్రం తప్పెట చప్పుడు. ఎవరింటో పెళ్ళి ఊరేగింపు అనుకున్నాము. కాదు. దిగువపేట నుంచి తవిటమ్మ అనే ఆవిడ వచ్చింది. అరవయ్యేళ్ళుండవచ్చు. దిగువపేటలో గెడ్డ పని పిలిచే పెద్ద ఆమెయే. ఏటా వానలకు ముందు రైతులంతా కలిసి కాలువ పూడిక తీసుకోవడం అక్కడి ఆనవాయితీ. ఇంతకాలం వారి ఊరి వరకే తప్పెట వేయించేవారు. ఈసారి మా గేటు దాటి లోపలికి వచ్చింది.

“ఏరువాక పున్నమి మర్నాడు గెడ్డ పని! ఇంటికో మనిసి! పారా గంపా ఎవులివి ఆలే తెచ్చుకోవాల!”

జగన్నాధం గారు లుంగీ సర్దుకుంటూ గేటు దగ్గరకు వచ్చారు. “ఏటమ్మా, మమ్మల్ని కూలికి పిలుస్తన్నావా?”

“కూలికైతే డబ్బులిస్తాం గదా బాబూ. ఇది కూలి కాదు, వంతు.”

“మాకేటి వంతు? మేం ఇక్కడ ఇళ్ళు కట్టుకున్నోళ్ళం.”

“కట్టుకుంటే కట్టుకున్నారు. మీ ఇళ్ళు మా మడుల మీద కూకున్నాయి. మడి పోనాది గాని మడి వంతు పోనేదు. ఎవులి గుమ్మం ఎదర ఉన్న గెడ్డ ఆలది. మేం కింద ఎంత తీసుకున్నా, పైన మీరు తియ్యకపోతే ఏటి లాభం?”

“చూడమ్మా, మేమంతా రిటైరైన ఆఫీసర్లం.”

“మరింకేటి, కాళీగానే ఉన్నారు కదా!”

తప్పెట కొట్టే మనిషి నవ్వాడు. మా వసారాలో నుంచి ఇంకొక నవ్వు కూడా వినిపించింది. అది హేమది కావచ్చును. నిర్ధారించలేదు.

జూన్ 19

అత్యవసర సమావేశం. పిలుపును తిరస్కరిస్తే అటువంటి పిలుపు ఒకటి ఉన్నదని అంగీకరించినట్లు. స్వీకరిస్తే గెడ్డ మనదని అంగీకరించినట్లు. మధ్యే మార్గంగా, సంఘం తరఫున ఒక పరిశీలకుని పంపవలెనని నిశ్చయమైంది. పరిశీలకుడు గెడ్డలో చేయి గాని, కాలు గాని పెట్టరాదు. పలకరింపులకు బదులు చెప్పవచ్చును గాని, ఆ బదులు ఒప్పుకోలుగా ధ్వనించరాదు.

పరిశీలకునిగా నన్ను నియమించారు. జగన్నాధం గారు తమ గొడుగు ఇచ్చారు.

జూన్ 21

ఉదయం నుంచి గెడ్డ గట్టు మీద ఉన్నాను.

దిగువపేట వారు తమ పొలాల దగ్గర మొదలుపెట్టి ఎగువకు తీసుకుంటూ వచ్చారు. ఆడవారు, మగవారు, ఒకరి ముక్క పక్కన ఒకరిది. తన ముక్క పూర్తయినవారు గట్టెక్కి, పూర్తికానివారిని వెక్కిరిస్తూ కూర్చుంటారు. “ఒరే బావా, పూడిక తీస్తన్నావా, దానికి నలుగు పెడతన్నావా?” అని ఒకడు కేక వేస్తే, “నీ పెళ్ళికి పనికొస్తాదని పెడతన్నాన్రా!” అని దిగువ నుంచి జవాబు. పాలనాశాస్త్రంలో దీనిని పర్యవేక్షణ అంటారు. ఇక్కడ దానికి ప్రత్యేకంగా ఎవరినీ నియమించలేదు.

మా ప్రహరీ దగ్గరకు రాగానే అందరూ పారలు దించారు. అక్కడి నుంచి మా వంతు. తవిటమ్మ మా వీధి వైపు తిరిగి నోటికి చేయి అడ్డం పెట్టుకుంది.

“జగన్నాధం బాబు ఇల్లూ!”

ఆ ఇంటి కిటికీ తెర కదిలింది. మనిషి రాలేదు.

“మేస్టరుబాబు ఇల్లూ!”

నేను పరిశీలకుని హోదాలో వచ్చానని, ఆ హోదాకు వంతు వర్తించదని చెప్పడానికి గొంతు సవరించుకుంటున్నాను.

“ఉన్నాను,” అని నా వెనుక నుంచి వినిపించింది.

హేమ. చీర కుచ్చెళ్ళు ఎగదోపి ఉంది. చేతిలో పార. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది.

“ఓలమ్మ, ఆ టేపు తియ్యమ్మా!” అంది తవిటమ్మ. “గెడ్డకి జాకెట్టు కుడతావేటి?”

“కుట్టించుకుంటే కుడతాను అత్తా. దీనికి కొలతలు తీసేసరికే ఈ లేఅవుటోళ్ళ బతుకులు తెల్లారిపోతాయి.”

గట్టు మీదివారు విరగబడి నవ్వారు. హేమ టేపు తీసి నా చేతికిచ్చి గెడ్డలోకి దిగింది. టేపు పట్టుకొనుట గెడ్డ పనిలో పాల్గొనుట కాదని నా అభిప్రాయం.

మా గుమ్మం ఎదుటి ముక్క మొత్తం ఆమె ఒక్కతే తీసింది. రేగు మొక్కను మాత్రం వేళ్ళతో సహా పెరికి గట్టు మీద జాగ్రత్తగా పెట్టింది. ఎండ ఎక్కువగా ఉన్నది. ఒక దశలో నా చేతిలోని గొడుగు గెడ్డ వైపు బాగా వంగింది. అది నీడ పట్టడం కాదు, గాలి.

జూన్ 22

జగన్నాధం గారు పొద్దుటే వచ్చారు. కాఫీ వద్దన్నారు.

“మన కేసు పోయింది మాస్టారూ. మీ ఆవిడ చేయి వేసేసినారు.”

“ఒక ముక్కకే.”

“ముక్కలో ఏముంది? ఒక ఫ్యూజు పోతే వీధంతా చీకటే కదా!”

తీర్మానాన్ని ఉల్లంఘించిన సభ్యురాలికి సంజాయిషీ కోరుతూ నోటీసు ఇవ్వాలని సంఘం నిర్ణయించింది. నోటీసు ఇవ్వవలసినది కార్యదర్శి. బంధుత్వం ఉన్నందున నన్ను మినహాయించవలెనని కోరాను. టైపు తెలిసినవారు వేరొకరు లేకపోవడంతో నా కోరిక వీగిపోయింది.

జూన్ 23

నోటీసు అందజేశాను. హేమ మిషను ఆపి చదివింది.

“సంజాయిషీ అంటే, ఎందుకు సేసినావని అడగడమే కదా?”

“స్థూలంగా అంతే.”

“మీరు సెయ్యనేదని సేసినాను. రాసుకోండి.”

వ్రాసుకొని, సంఘం తరఫున, సంజాయిషీ సంతృప్తికరంగా లేదని తెలియజేశాను.

“సంతృప్తి కలగనిది సంగానికా, మీకా?”

“సంఘానికి.”

“మరి మీకు?”

“ఆ అంశం నోటీసు పరిధిలోకి రాదు.”

ఆమె దారం పళ్ళతో కొరికి తెంపింది. కత్తెర పక్కనే ఉంది.

జూలై 3

మోస్తరు వర్షం. మా గుమ్మం ఎదుట నీరు చక్కగా పారింది. పారి, జగన్నాధం గారి ఇంటి ఎదుట ఆగింది. కారు ఎక్కించడానికి ఆయన గెడ్డ మీద పలక పరచి ర్యాంపు కట్టించుకున్నారు. దాని కింద ఉన్న తూము పూడికతో మూసుకుపోయి ఉంది. మా ముక్క బాగుపడినందువల్ల నీరు ఇప్పుడు ఆ ర్యాంపు దగ్గరకు మునుపటికంటె త్వరగా చేరుతున్నది. అక్కడ నిలిస్తే వెనుకకు తన్ని మొదట వచ్చేది మా గుమ్మానికే.

హేమ వెళ్ళి ఆయనను అడిగింది. నేను గేటు దగ్గర ఉన్నాను.

“బాబయ్యా, మీ ర్యాంపు కింద తూములో పూడిక తీయించండి.”

“నాకేం అభ్యంతరం లేదమ్మా. కాని తీస్తే నేను తీసినట్టు అవుతాది.”

“పోనీ నేను తీస్తాను. మీరు సూడకండి.”

“చూడకపోతే అనుమతించినట్టు అవుతాదమ్మా.”

“సూడండి అయితే.”

“చూస్తే సాక్షిని అవుతాను కదా!”

హేమ నా వైపు చూసింది. ‘మీరు ఒక్క మాట చెప్పండి’ అన్న చూపు అది. పక్కింటివారితో నోటిమాటగా వ్యవహరించడం భావి వివాదాలకు దారితీస్తుంది. కనుక కార్యదర్శి హోదాలో అధ్యక్షులకు లేఖ వ్రాశాను. ఆయనకు టైపు రాదు. వారి కోరిక మీద జవాబు కూడా నేనే తయారుచేసి ఇచ్చాను. జవాబు పటిష్ఠంగా ఉంది. దానికి తిరుగు సమాధానం వ్రాయడం నా వల్ల కాలేదు.

జూలై 20

వర్షం.

జూలై 21

వర్షం. వ్రాయదగినది ఏదీ లేదు.

జూలై 22

పగలు పన్నెండు దాటాక నీరు ముందుగదిలోకి వచ్చింది.

ఆ సమయానికి నేను జగన్నాధం గారి డాబా మీద ఉన్నాను. గెడ్డ నిర్వహణలో సంబంధిత సంస్థల వైఫల్యానికి సాక్ష్యంగా ఫొటోలు తీయవలసిన బాధ్యత నాకు అప్పగించారు. నీరు ర్యాంపు దగ్గర నిలవడం, సుడి తిరిగి వెనుకకు తన్నడం, మా గేటు కింది నుంచి వసారాలోకి, వసారాలో నుంచి గదిలోకి పోవడం, అన్నీ వరుసగా తీశాను. వసారాలో నుంచి హేమ నన్ను పిలిచింది. ఆ ఫొటో కూడా వచ్చింది. పిలుస్తున్నట్లు స్పష్టంగా తెలుస్తోంది.

కిందికి వెళ్ళేసరికి మిషన్లలో ఒకటి మంచం మీదికి ఎక్కింది. మిగతా రెండింటినీ ఇద్దరం ఎక్కించాము. ఆలస్యమైంది, మోటార్లు తడిశాయి. కుట్టవలసిన గుడ్డల మూటను హేమ ఒళ్ళో పెట్టుకొని మంచం అంచున కూర్చుంది. మోకాళ్ళ కింద నీళ్ళు కదులుతున్నాయి.

“ఫొటోలు బాగా వచ్చినాయా?”

“వెలుతురు చాలలేదు.”

తల ఊపింది. కోపంగా లేదు. కోపం వచ్చి ఉంటే దాని మీద చర్య తీసుకోవడానికి వీలుండేది.

జూలై 23

మిషన్లు వెళ్ళినవి.

జూలై 24

నిన్నటి నమోదుకు వివరణ. మిషన్లు విజయనగరం వెళ్ళలేదు. దిగువపేటలో తవిటమ్మ ఇంటి ముందుగదిలోకి వెళ్ళాయి. తవిటమ్మ మనవడు ట్రాలీ ఆటో తెచ్చాడు. “ఇక్కడి బేరాలు వదులుకొని అంత దూరం ఎందుకు?” అని హేమ చెప్పింది. వెళ్తూ బియ్యం డబ్బా మూత సరిగా పెట్టమంది. మా ఇంటి నుంచి దిగువపేట నడిచి వెళ్ళగల దూరం. నడిచి వెళ్ళగల దూరానికి పోవడాన్ని వెళ్ళిపోవడం అనడానికి ఆధారాలు చాలవు.

ఇది తాత్కాలికం.

జూలై 30

తాత్కాలికం.

ఆగస్టు 9

రెండు పూటలా భోజనం రాజాంలో, బస్టాండు ఎదుటి హొటేలులో. సాంబారు బాగుంటుంది.

సాయంత్రం దిగువ ప్రవాహ పరిస్థితులను పరిశీలించడానికి దిగువపేట వెళ్ళాను. గెడ్డ గట్టుల లోపలే ఉంది. ఇళ్ళలోకి నీరు వచ్చిన జాడ లేదు. పరిశీలన ముగిశాక దారి తవిటమ్మ ఇంటి మీదుగా పోయింది. తలుపు మీద సున్నంతో ‘హేమ, కుట్టుపని’ అని వ్రాసి ఉంది. హేమ ఒక పిల్లకు లంగా కొలతలు తీస్తోంది.

“పరిశీలనకి వచ్చినారా?”

“దిగువ ప్రవాహం ఎలా ఉందో చూడవలసి వచ్చింది.”

“ఎలగున్నాది?”

“బాగుంది.”

“టీ తాగుతారా?”

తాగాను. పంచదార ఎక్కువైంది. ఎప్పుడూ అంతే వేస్తుంది. ఇంతకాలం నేను గమనించలేదు.

“తిండి ఎక్కడ తింటన్నారు?” అంది గ్లాసు తీసుకుంటూ.

“ఏర్పాట్లు సంతృప్తికరంగా ఉన్నాయి.”

“అది సంగానికా, మీకా?” అని అడుగుతుందనుకున్నాను. అడగలేదు. పిల్లను అటు తిరగమంది.

ఆగస్టు 14

సంఘ సమావేశం. నష్టపోయిన ఇళ్ళ వివరాలు చదివాను. మా ఇంటి వివరం మూడో వ్యక్తి గురించి చెప్పినట్లు చదవగలిగాను. ఈ విషయంలో నాకు తర్ఫీదు ఉన్నది.

జగన్నాధం గారు సభను ఉత్సాహపరిచారు. “ఒక విధంగా మనకి మంచే జరిగింది. చేయి వేసిన మనిషి ఇప్పుడు లేఅవుట్ నివాసి కాదు. అంటే, లేఅవుట్ నివాసులెవ్వరూ గెడ్డని ముట్టలేదన్నమాట. మన కేసు మళ్ళీ నిలబడింది!”

ఈ భావాన్ని తీర్మానరూపంలో పెట్టవలసిందిగా నన్ను కోరారు. పెట్టాను. చేతివ్రాత బాగా కుదరలేదు. తిరిగి వ్రాశాను. అప్పుడూ కుదరలేదు.

ఆగస్టు 27

హేమ ఒక చీటీ పంపింది. సంఘానికి సంబంధించినదేమోనని తెరిచాను. బీరువాలో ఎడమ వైపున ఉన్న ఊదారంగు దారపు ఉండలు కావాలట. ఇచ్చి పంపాను. ఆ అర ఇప్పుడు ఖాళీ.

సెప్టెంబరు 11

మళ్ళీ తప్పెట. వానలకు గట్లు కోసుకుపోయి పూడిక తిరిగి చేరినందున రెండో విడత గెడ్డ పని. రేపే. తవిటమ్మ ఈసారి మా గేటు బయటనే నిలబడి కేక వేసి వెళ్ళిపోయింది. సంఘం పరిశీలకుని నియమించలేదు.

సెప్టెంబరు 12

పరిశీలకుని హోదా లేనందున నేను మా గుమ్మం ఎదుట ఊరికే నిలబడ్డాను.

దిగువన ప్రహరీ అవతలి నుంచి పిలుపులు వినిపిస్తున్నాయి. “మిషను హేమమ్మ ఇల్లూ!” అని పిలిచారు. “ఉన్నాను!” అని వినిపించింది. మా గుమ్మం ముందు వినిపించిన గొంతే. అక్కడ ఆమెకు వేరే ముక్క ఇచ్చారు.

కాసేపటికి తవిటమ్మ మా వీధిలోకి వచ్చింది.

“జగన్నాధం బాబు ఇల్లూ!”

తెర కదిలింది.

నేను సిద్ధంగా ఉన్నాను. దేనికి సిద్ధంగా ఉన్నానో వ్రాయడం కష్టం. తవిటమ్మ నన్ను చూసింది. చూసి, మా పైయింటి పేరు పిలిచి ముందుకు నడిచింది.

“తవిటమ్మ గారూ! మా ఇల్లు పిలవలేదు.”

ఆమె ఆగింది. “మీ ఇంటికి వంతు నేదు బాబూ.”

“ఎందుకు లేదు?”

“పొయ్యి ఎలగని ఇంటికి వంతుండదు. తాళమేసిన ఇంటికీ అంతే. మా తాతల నాటి నుంచీ అదే పద్దతి. నీకు మాపీ.”

“నేను ఉంటున్నాను కదా!”

“పడుకుంటన్నావు. ఓటేల్లో తిని వచ్చి పడుకుంటన్నావట కదా!”

“ఎవరు చెప్పారు?”

“హేమ సెప్పినాది.”

“ఇంకేమి చెప్పింది?”

తవిటమ్మ నన్ను కొంతసేపు ఎగాదిగా చూసింది. “ఇంకేటి సెప్తాది బాబూ? బియ్యం డబ్బాలో పురుగు పట్టేసుంటాదని సెప్పినాది,” అని మట్టి కాళ్ళతో ముందుకు పోయింది.

ఇక్కడ ఒక విషయం నమోదు చేయవలసి ఉన్నది. ఆ గెడ్డతో నాకు సంబంధం లేదని, దాని బాధ్యత నా మీద పడదని, ఏదో ఒక అధికారి నోట అనిపించుకోవడానికి నేను తిరగని కార్యాలయం లేదు. అర్జీలు పెట్టాను, జ్ఞాపక లేఖలు పెట్టాను, జవాబులు రాకపోతే రాలేదని ఇంకొక అర్జీ పెట్టాను. ఈ రోజు అది మా గుమ్మం ఎదుట, అడగకుండానే, తుది నిర్ణయంగా, పై అప్పీలుకు తావు లేకుండా లభించింది.

జగన్నాధం గారు తెర తొలగించుకొని బయటికి వచ్చారు. ఆయన ముఖం వెలిగిపోతోంది.

“మాస్టారూ, శుభాకాంక్షలు! ఆవిడ చేత అది లిఖితపూర్వకంగా తీసుకోండి. మనందరికీ పనికొస్తాది!”

నేను లోపలికి వచ్చాను.

సెప్టెంబరు 13

మినహాయింపు అమలులో ఉన్నది. కళాశాలకు సెలవు పెట్టాను. ఇంట్లో ఏ గదిలో కూర్చోవాలో తెలియలేదు. ముందుగది గోడ మీద నీటి గీత ఉంది. దాని కింద మిషను కాళ్ళు ఆనిన చోట గచ్చు కొంచెం నునుపుగా ఉంది.

సెప్టెంబరు 14

బియ్యంలో పురుగు పట్టినమాట నిజమే. ఏరాను. కడిగాను. పొయ్యి వెలిగించాను. ఎసరు ఎంత పెట్టాలో పాలనాశాస్త్రంలో లేదు. అన్నం అడుగంటింది, పైన పలుకుగా ఉంది. తిన్నాను. అనంతరం కార్యదర్శి పదవికి రాజీనామా పత్రం జగన్నాధం గారి కిటికీ తెరలో నుంచి లోపలికి వేసి వచ్చి, ఈ క్రింది దానిని తయారు చేశాను. టపాలో పంపను. దిగువపేటకు నడిచి వెళ్ళి, పెద్దగా చదివి, దాఖలు చేస్తాను.

శ్రీమతి తవిటమ్మ గారికి, గెడ్డ పెద్ద, దిగువపేట.

ప్రతి: శ్రీమతి హేమ గారికి, అదే ఇంటి ముందుగది.

డిమాండ్ సంఖ్య 1. నిన్నగాక మొన్న మా ఇంటికి మంజూరు చేసిన మినహాయింపును నేను అంగీకరించను. దానిని వెంటనే రద్దు చేసి, మా గుమ్మం ఎదుటి గెడ్డ ముక్కను నా పేరు పిలిచి నాకు అప్పగించవలెను. మా ఇంట పొయ్యి వెలిగినదనుటకు రుజువుగా, మాడిన అన్నపు గిన్నెను కడగకుండా ఉంచడమైనది. ఆ గిన్నెను పరిశీలించి ధ్రువీకరించుటకు శ్రీమతి హేమ గారు తప్ప మరెవ్వరూ అర్హులు కారు. వారు వచ్చు వరకు పొయ్యి రోజూ వెలుగుతుంది.